మొండికెత్తిన మోటారుబండి
గృహిణులు తెలిసికొనదగిన కొన్ని సంగతులు

పసిబిడ్డకు ఒళ్లు వెచ్చబడినచో తల్లి తొలుతనే వైద్యునికొరకు పరుగెత్తదు. నుదురు తాకి చూచును, నాలుక చూచును. నిన్న ఏమి తినెనో, ఎండలో ఆడెనో, వానలో తడిసెనో తలంచుకొనును. పిదప కషాయముతో పోవు జ్వరమో, వైద్యుడు చూడవలసిన జ్వరమో నిర్ణయించును. ఈ వివేకము మన స్త్రీలకు తరతరములనుండి వచ్చుచున్న సొత్తు. కాని ఆ తల్లియే, నిన్నటిదాక చక్కగా నడచిన చిన్న స్కూటరు ఒకనాటి యుదయమున హఠాత్తుగా కదలనన్నప్పుడు, ఇది మనకు తెలియని విద్య యని చేతులు ముడుచుకొని నిలువబడును. బిడ్డకు చూపిన వివేకమునే బండికిని చూపవచ్చునని తెలుపుటయే మా యీ వ్యాసమునకు ప్రయోజనము.

1972లో లూనా, 1980లో టి.వి.యస్. 50 మన దేశమున వెలువడిన పిమ్మట చిన్న మోటారుబండ్లు క్రమముగా స్త్రీల చేతికి వచ్చినవి. తరువాత గేర్లులేని స్కూటర్లు పెరుగుటతో అవి ఇంటి సామానులలో ఒకటియైనవి. నేడు వానిమీద ఉపాధ్యాయురాలు బడికి పోవుచున్నది, పల్లెపడుచు పాలబిందెలు తెచ్చుచున్నది, తల్లి బిడ్డలను పాఠశాలకు చేర్చుచున్నది. బండి నిలిచినచో నిలుచునది బండి మాత్రమే కాదు. ఆ దినపు పని నిలుచును. ప్రొద్దుగ్రుంకిన వేళ జనసంచారములేని త్రోవలో నిలిచినచో భయము కూడ తోడగును. ఇక మరమ్మతుశాలలో 'ఏమో తెలియదు, చూడుడు' అని అప్పగించినచో, అవసరములేని భాగములకు సొమ్ము చెల్లించు ప్రమాదమును కలదు. అందుచేత ఈ జ్ఞానము వినోదమునకు గాదు, ఆత్మరక్షణమునకే.

ఇంజనుకు కావలసిన నాలుగు వస్తువులు

ఎంత చిన్న ఇంజనునకైనను నాలుగు వస్తువులు చాలును: పెట్రోలు, గాలి, నిప్పురవ్వ, బిగువు. ఇవి నాలుగును మన వంటయింటిలోనే కలవు. పొయ్యికి వచ్చు గ్యాసు వంటిది పెట్రోలు. బర్నరులో గ్యాసుతో కలియు గాలి వంటిది ఇంజను పీల్చు గాలి. తూకమున ఒకపాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి కావలెను. మనము 'టక్కు'మని నొక్కు లైటరు వంటిది ప్లగ్గు. దాని కొనయందలి సన్నని సందులో నిప్పురవ్వ దుముకును. నాల్గవది బిగువు. ప్రెషరు కుక్కరు గాస్కెట్టు పాడైనచో ఆవిరి ప్రక్కలనుండి పోయి కూత రాదు గదా! అట్లే పిస్టను గాలిని తొమ్మిదవ వంతునకో, పదవ వంతునకో అణచునప్పుడు అది ఎచ్చటనుండియు జారిపోరాదు. జారినచో మంట పుట్టినను బలము పుట్టదు.

పొయ్యి వెలుగనప్పుడు మనమేమి చేయుదుము? సిలిండరు ఖాళీయైనదా, మీట తిరిగినదా, లైటరులో రవ్వ వచ్చుచున్నదా, బర్నరు కన్నములు పూడినవా యని వరుసగా చూతుము. ఒక్కసారిగా నాలుగును విప్పము. ఆ వరుసయే ఇచ్చటను మార్గము. ఒకసారికి ఒకటే మార్చవలెను. మార్చిన తరువాత ఫలితము చూడవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినచో ఏది గుణమిచ్చెనో తెలియదు.

మొట్టమొదట చూడవలసినవి

పనిముట్టు పట్టకముందే చూడవలసినవి కొన్ని గలవు. తాళపుచెవి పూర్తిగా తిరిగినదా? కుడిచేతివద్ద ఇంజనును ఆపు ఎర్రని స్విచ్చి యున్నచో అది ఏ వైపున నున్నది? బిడ్డలు ఆటలో దానిని నొక్కుట సాధారణము. పెక్కు స్కూటర్లలో బ్రేకు మీట పట్టిననే గాని స్టార్టరు పనిచేయదు. క్రొత్త బండ్లు కొన్నిటిలో ప్రక్క స్టాండు దింపియున్నంతవరకు ఇంజను అంటుకొనదు. తాళపుచెవి లేకయే పనిచేయు బండియైనచో, చేతిలోని రిమోటు బిళ్లలో బ్యాటరీ అయిపోయినదేమో చూడవలెను.

పెట్రోలు ముల్లును పూర్తిగా నమ్మరాదు. మూత తీసి, బండిని కొంచెముగ నూపి, చప్పుడు వినవలెను. చీకటియైనచో టార్చిలైటు వాడుడు. అగ్గిపుల్ల గాని దీపము గాని దగ్గరకు తేకుడు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరముననున్న నిప్పునుగూడ అందుకొనును. పాత మోపెడులలో పెట్రోలు కుళాయికి తెరచుట, మూయుట, నిలువపెట్రోలునకు త్రిప్పుట అని మూడు స్థానములుండును. కుళాయి మూసియుంచి ఇంజనును నిందించుట పెక్కుచోట్ల జరుగునదే.

పిదప జ్వరమును గూర్చి తల్లి అడుగు ప్రశ్నయే అడుగవలెను: నిన్నటికిని నేటికిని ఏమి మారినది? నిన్న పెట్రోలు పోయించితిమా? బండి కడిగితిమా? వాన కురిసినదా? ఎవరైన మరమ్మతు చేసిరా? బండి ప్రక్కకు పడినదా? నూటికి నూరుపాళ్లు కాకున్నను, పలుమార్లు సమాధానము ఈ ప్రశ్నలలోనే దొరకును. పడిన బండియైనచో, క్రొత్తరకపు బండ్లు కొన్ని వంపును గుర్తించి ఇంజనును తామే ఆపివేయును. అట్టిదానిని నిలువబెట్టి, తాళము ఒకసారి కట్టి, మరల త్రిప్పినచో తిరిగి పనిచేయును.

మూడు విధముల శబ్దము

ఇప్పుడు స్టార్టరు బటను నొక్కి చెవియొగ్గుడు. శబ్దము మూడు విధములలో నొకటిగా నుండును.

ఏ శబ్దమును లేకున్న, దీపము, హారను చూడుడు. అవియు పనిచేయనిచో ఫ్యూజు కాలియుండవచ్చును, బ్యాటరీ తీగ వదులైయుండవచ్చును, లేక బ్యాటరీ పూర్తిగా అయిపోయియుండవచ్చును. ఫ్యూజు సాధారణముగా బ్యాటరీ సమీపముననే యుండును. దాని ప్రక్కనే ఒక క్రొత్తది కూడ ఉంచుదురు. అదే కొలతగల ఫ్యూజు వేయవలెనేగాని రాగితీగ చుట్టుట, సిగరెట్టు కాగితపు వెండిరేకు పెట్టుట అపాయకరము. తీగలు కాలి బండియే అంటుకొనవచ్చును.

'టిక్కు టిక్కు'మని మాత్రము వినబడినచో బ్యాటరీ నీరసించినది. 'దీపము వెలుగుచున్నదే!' యని సందేహింపకుడు. దీపమునకు చాలు శక్తి స్టార్టరునకు చాలదు. గ్లాసు నీరెత్తు చేయి బిందె నెత్తలేదు గదా. 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా నున్నప్పుడు 12.6 మొదలు 12.8 వరకు చూపినచో ఆరోగ్యము. 12కు తగ్గినచో శక్తి యుడిగినదని గ్రహింపవలెను. ముందుగా దాని కొనలమీద తెల్లని, పచ్చని పొడి పేరుకొన్నదేమో చూచి, తుడిచి, మరను బిగించుడు. ఒక్కొక్కప్పుడు అంతటితోనే సరిపోవును.

బ్యాటరీ నీరసించినను కిక్కు గల పాత కార్బురేటరు బండ్లు పెక్కు కాలితో త్రొక్కిన అంటుకొనును. కాని 2020 ఏప్రిలు 1వ తేదీ నుండి మన దేశమున అమలులోనికి వచ్చిన బి.యస్. 6 నిబంధనముల తరువాతి స్కూటర్లు సామాన్యముగా కార్బురేటరు లేనివి. వానిలో పెట్రోలును చిన్న విద్యుత్పంపు నెట్టును. బ్యాటరీ బొత్తిగా చచ్చినచో ఆ పంపునకు బలము లేక, ఎంత త్రొక్కినను బండి కదలకపోవచ్చును. కొన్నిటికి కిక్కే లేదు.

మూడవది: ఇంజను గిరగిర తిరుగును గాని అంటుకొనదు. ఇచ్చట బ్యాటరీని నిందించి లాభములేదు. పెట్రోలో, నిప్పురవ్వయో, గాలియో లోపించినది. ఒక హెచ్చరిక: బటనును అయిదు సెకండ్లకు మించి నొక్కకుడు, పది సెకండ్లైన విరామమిచ్చి మరల ప్రయత్నింపుడు. విడువక నొక్కినచో మంచి బ్యాటరీ కూడ పాడగును. అప్పుడు ఒక రోగమునకు రెండగును.

పెట్రోలు అందుచున్నదా?

క్రొత్తరకపు బండిలో తాళము త్రిప్పగనే ఒకటి రెండు సెకండ్లు సన్నని 'జుయ్యి'మను పంపు చప్పుడు వినబడవలెను. వినబడకున్న పంపో, దాని ఫ్యూజో చూడవలసియున్నది. ఇంజను బొమ్మగల పసుపుదీపము తాళము త్రిప్పగనే వెలిగి పిదప ఆరవలెను లేక ఇంజను అంటుకొన్నంతనే ఆరవలెను. అది ఆరక నిలిచినను, విరామములతో మినుకుమినుకుమన్నను, ఎన్నిసార్లు వెలిగినదో లెక్కించి వ్రాసియుంచుడు. అది బండి తన రోగమును తానే చెప్పుకొను భాష.

పాత బండికి ప్లగ్గే సాక్షి. ఇంజను చల్లారిన పిమ్మట ప్లగ్గుమీది రబ్బరు టోపీని తీసి, తగిన పానాతో ప్లగ్గును విప్పి చూడుడు. పలుమార్లు ప్రయత్నించినను కొన పొడిగా నున్నచో పెట్రోలు లోనికి వచ్చుటలేదు. తడిసి పెట్రోలు వాసన కొట్టినచో పెట్రోలు వచ్చుచున్నది, రవ్వ లేదు, లేక పెట్రోలు మితిమీరినది. గోధుమరంగుగా నున్నచో ఆరోగ్యము. నల్లని పొడిమసి పట్టినచో గాలి చాలక పెట్రోలు హెచ్చైనది. జిడ్డు పట్టినచో నూనె లోనికి వచ్చుచున్నది. పెట్రోలులో నూనె కలుపు రెండు స్ట్రోకుల పాత మోపెడులలో ఈ జిడ్డు తరచుగా పట్టును.

పెట్రోలు రాకుండుటకు ఒక విచిత్రమైన కారణము కలదు. నూనెడబ్బాకు ఒక్క కన్నమే పొడిచినచో నూనె గుటగుటమని ఆగి ఆగి వచ్చును. ఎదుటివైపున రెండవ కన్నము పొడిచినచో ధారగా వచ్చును. పెట్రోలు టాంకీకిని గాలి చొచ్చుటకు సన్నని మార్గముండును. అది దుమ్ముతో పూడినచో బండి అంటుకొని, కొంతదూరము పోయి, ఆగును. మూత తీయగనే 'ఫిస్సు'మని గాలి లోనికి పోయి బండి మరల కదలినచో దోషమచ్చటనే యున్నదని నిశ్చయింపవచ్చును.

ఇంకొక కారణము కార్బురేటరులోని జెట్టు. పంపు స్టవ్వు వాడిన మన పెద్దలకు దీనిని వివరింపనక్కరలేదు; సన్నని కన్నము పూడినప్పుడు పిన్నుతో పొడిచి వెలిగించెడివారు. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను సాధ్వి, భర్త నిర్మించిన మూడు చక్రముల మోటారుబండిని ఆయనకు చెప్పకయే తీసికొని, ఇద్దరు కుమారులతో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైము వరకు నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసెను. త్రోవలో ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీ పిన్నుతో దానిని శుభ్రపరచెను. విద్యుత్తీగ మీది తొడుగు అరిగిపోగా మేజోడు పట్టీని చుట్టి కాపాడెను. వీస్‌లోక్ అను ఊరి మందులదుకాణమున ఇంధనము కొని ముందుకు సాగెను. మోటారుబండిపై దూరప్రయాణము చేసిన మొదటి మనుష్యురాలు ఒక గృహిణి. త్రోవప్రక్క మరమ్మతు చేసినదియు ఆమెయే. ఇక 'మగవారి విద్య' యను మాటకు చోటెక్కడిది?

అయినను ఇప్పటి జెట్టులో సూది గ్రుచ్చకుడు. ఆ కన్నము చాల నిశితమైన కొలతతో చేయబడినది. గీరుపడినచో పెట్రోలు ఎల్లప్పుడు మితిమీరును. గాలి నూది శుభ్రపరచుటయే పద్ధతి. అది మరమ్మతుశాలలోని పని.

పెట్రోలు మితిమీరినచో

చోకు తీసి మరచినను, అదేపనిగా త్రొక్కినను ఇంజనులో పెట్రోలు నిండును. నీరు పోసిన పొయ్యిలో కట్టె మండనట్లు పెట్రోలుతో తడిసిన ప్లగ్గు రవ్వనీయదు. అట్టి సమయమున చోకు మూసి, యాక్సిలేటరును పూర్తిగా త్రిప్పిపట్టి, కొన్నిమార్లు త్రొక్కుడు. గాలి పోయి లోపల ఆరును. అప్పటికిని కదలకున్న పది పదునైదు నిమిషములు ఊరకుండుడు. ఓర్పే ఔషధము.

ఇది చిన్నబండ్లకే కలుగు రోగము కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయుల మెర్లిన్ ఇంజనులు గల యుద్ధవిమానములు ముక్కు క్రిందకు వంచి దూకినప్పుడు కార్బురేటరులో పెట్రోలు తారుమారై ఇంజను తడబడెడిది. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అను స్త్రీ ఇంజనీరు చిన్న రంధ్రముగల లోహపు బిళ్లను అమర్చి పెట్రోలునకు మితి ఏర్పరచెను. 1934లోనే బ్రూక్‌లాండ్సు పందెపుబాటలో నార్టన్ మోటారుసైకిలుపై గంటకు నూరుమైళ్లకు మించి తిరిగిన వనిత ఆమె. బండి నెక్కుటయే గాక, దాని కడుపులోనికి చూచుట నేర్చినందుననే ఆమెకు ఆ ఉపాయము తోచినది.

నిప్పురవ్వ, గాలి, బిగువు

తడిసిన ప్లగ్గును పొడిగుడ్డతో తుడిచి ఆరవేసి పెట్టినను పనిచేయకున్న, క్రొత్త ప్లగ్గు వేసి చూచుట సులభమైన పరీక్ష. ప్లగ్గు స్వల్పమైన వెలగలది. ఒకటి డిక్కీలో నుంచుకొనుట మంచిది. చేతితోనే మొదట మరలు త్రిప్పి, పిదప పానాతో కొంచెము బిగింపవలెను. బలముగా బిగించినచో ఇంజను మరలే చెడును. ప్లగ్గును బయట పట్టి రవ్వ చూచు పరీక్షను మెకానిక్కునకే విడువుడు. ఆ తీగలో వేలకొలది వోల్టులుండును; సమీపమున పెట్రోలు ఆవిరి యుండును; క్రొత్తబండ్లలో ఆ పరీక్షవలన లోపలి సున్నితమైన విద్యుత్పరికరము చెడవచ్చును.

గాలి వచ్చు పెట్టెలోని వడపోతకాగితము దుమ్ముతో నిండినను, ఎలుక గూడు కట్టినను ఇంజను ఊపిరాడక ఆగును. ఎలుకలు తీగలనుగూడ కొరుకును. చాలకాలము కదలని బండి పొగగొట్టములో కందిరీగలు మట్టిగూడు కట్టుటయు కలదు.

ఇక బిగువు. కిక్కు త్రొక్కినప్పుడు ఎదురుబలము తగులవలెను. ఏ అడ్డును లేక కాలు జారిపోయినచో లోపల వాల్వో, రింగో చెడియుండును. అది ఇంటివైద్యమునకు లొంగునది కాదు.

నిలిచిన బండి, మునిగిన బండి

2020 మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు వారములతరబడి నిలిచిన బండ్లు పెక్కు తరువాత కదలలేదు. నిలిచియున్న బ్యాటరీ తనంతట తానే నీరసించును. పాత పెట్రోలు కార్బురేటరులో జిగురుగా మారును. ఇప్పటి పెట్రోలులో కలుపు ఇథనాలు తేమను పీల్చు గుణముగలది. తేమ హెచ్చైనచో నీరు వేరై టాంకీ యడుగున చేరును. కావున ఊరికి పోవువారు వారమునకొకసారి ఎవరిచేతనైన బండిని కొంతసేపు నడిపింపవలెను. మూసిన గదిలో మాత్రము ఇంజను నడుపరాదు. దాని పొగ వాసన తెలియనీయకయే ప్రాణము తీయును.

వానలో తడిసిన బండికి ప్లగ్గు టోపీని తీసి, లోపల వెలుపల తుడిచి ఆరనిచ్చినచో చాలును. కాని వరదలో మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలు మునిగినప్పుడు వేలకొలది బండ్లు నీటిలో నిలిచినవి. అట్టి బండికి తాళము త్రిప్పరాదు; కిక్కు త్రొక్కరాదు. గాలి అణగును గాని నీరు అణగదు. సిలిండరులో నీరుండగా ఇంజను త్రిప్పినచో లోపలి ఇనుపకడ్డీయే వంగును. వందలతో పోవు మరమ్మతు వేలకు పెరుగును. బ్యాటరీ తీగ తీయించి, బండిని నెట్టుకొనియో, వాహనముపై ఎక్కించియో మరమ్మతుశాలకు చేర్పవలెను. ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని గుర్తు.

మెకానిక్కుతో మాటలాడు విధము

రోగిని తీసికొనిపోయినప్పుడు లక్షణములు చెప్పవలెనుగాని రోగము పేరు మనమే చెప్పరాదు. 'అమ్మా, కార్బురేటరు మొత్తం పోయింది, మార్చాలి' అని అతడు చూడకమునుపే అన్నచో ఇట్లు చెప్పవచ్చును: 'చూడు తమ్ముడూ, బటన్ నొక్కితే ఇంజను తిరుగుతోంది. టాంకీలో పెట్రోలుంది. ప్లగ్గు తీసి చూశాను, పొడిగా ఉంది. నిన్న సాయంత్రం దాకా బాగానే నడిచింది. పెట్రోలు ఎక్కడ ఆగుతోందో ముందు చూడు. ఏదైనా మారిస్తే పాతది నాకు చూపించు నాయనా.' ఈ నాలుగు మాటలు విన్నవాడు తొందరపడి భాగములు మార్చడు. మంచి పనివాడు సంతోషించును కూడ. సగము శ్రమ తగ్గినది గదా. పనివారందరు మోసగాండ్రని మా యభిప్రాయము కాదు. లక్షణములు తెలియనప్పుడు నిజాయితీపరుడును ఊహించి భాగములు మార్చవలసివచ్చును.

ఇంటిలో పాలలెక్క వ్రాయు పుస్తకముననే బండికి ఒక పుట కేటాయింపుడు. ఆయిలు మార్చిన తేదీ, ప్లగ్గు మార్చిన తేదీ, బ్యాటరీ కొన్న నెల, అప్పుడు తిరిగిన కిలోమీటర్లు వ్రాయుడు. చిన్న బ్యాటరీ సామాన్యముగా మూడు నాలుగేండ్లకు అలసిపోవును. పుస్తకము చూచినచో ముందే తెలియును. డిక్కీలో ప్లగ్గుపానా, ఒక ప్లగ్గు, ఒక ఫ్యూజు, పొడిగుడ్డ, చిన్న టార్చి యుండవలెను.

తుదకు ఒక్క మాట. చీకటివేళ నిర్జనప్రదేశమున బండి నిలిచినచో మన విద్యను పరీక్షించుకొనుటకు అది తరుణము కాదు. మీటలు, స్టాండు, పెట్రోలు ఒక్కసారి చూచి, కదలకున్న బండిని దీపముగల చోటికి, దుకాణము దగ్గరకు నెట్టి, ఇంటివారికి ఫోను చేయుడు. అవసరమైనచో 112కో, స్త్రీల సహాయమునకై యున్న 181కో పిలువుడు. బండి రేపైన బాగగును.

సోదరీమణులారా! మీ బండి చక్కగా నడచుచున్న ఈ వారముననే, ఒక ఆదివారపు మధ్యాహ్నము ఫ్యూజు ఎచ్చటనున్నదో, ప్లగ్గు ఎచ్చటనున్నదో ఒకసారి కనుగొనుడు. ఎదిగిన కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుడు. ఆమె చేతికి తాళపుచెవి ఇచ్చుటకుముందే ఈ నాలుగు సంగతులు నేర్పినచో, ఆ బిడ్డ ఏ త్రోవలో నిలిచినను దిగులుపడక, వరుసగా విచారించి తన దారి తాను చూచుకొనగలదు.